పట్టణ గిరిజన కుటుంబాలకు సహాయ కార్యక్రమాలు: పశ్చిమ ప్రకాశం

నల్లమల గూడేల నుంచి, తండాల నుంచి, ఊరి వెలుపలి ఎస్టీ కాలనీల నుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి, పొదిలి వంటి పట్టణాలకు వచ్చి స్థిరపడిన గిరిజన కుటుంబాలు, ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే అక్కడ గడిపే కుటుంబాలు ఈ వ్యాసానికి విషయం. వారికి ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, కులపెద్దలు, మహిళా సంఘాలు అందించే చదువు, వైద్యం, ఉపాధి, ఇల్లు, న్యాయ సహాయం ఇక్కడ చర్చకు వస్తాయి. ఇది ఒకే పథకం పేరు కాదు. గూడేన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన గిరిజన సంక్షేమం ఒకవైపు ఉంది, పేదరికాన్ని లెక్కలోకి తీసుకునే పట్టణ సంక్షేమం మరోవైపు ఉంది. పట్టణంలోని గిరిజన కుటుంబం ఈ రెంటి నడుమ దొరికిన మేరకు అందుకుంటుంది.

నిర్వచనం, పదజాలం
(చూ. షెడ్యూల్డు తెగలు, ఆదివాసి, విముక్త జాతులు)

అంతర్జాతీయ పత్రాల్లో ‘మూలవాసులు’ అనే అర్థంలో వాడే మాటకు భారత రాజ్యాంగంలో సమానమైన పదం లేదు. రాజ్యాంగం 342వ అధికరణం కింద రాష్ట్రపతి ప్రకటించే జాబితాలో ఉన్నవారే షెడ్యూల్డు తెగలు. జాబితా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవారు పొరుగు రాష్ట్రంలో కాకపోవచ్చు. లంబాడీలే ఇందుకు తెలిసిన ఉదాహరణ: ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలుగా ముందునుంచీ జాబితాలో ఉన్నా, తెలంగాణలో వారికి ఆ గుర్తింపు 1976 సవరణ చట్టంతో వచ్చింది.

పశ్చిమ ప్రకాశంలో ప్రధానంగా నాలుగు తెగలు కనిపిస్తాయి: చెంచులు, యానాదులు, ఎరుకలు, సుగాలీలు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచులు సుమారు 64 వేలు, యానాదులు 5.4 లక్షలు, ఎరుకలు 5.2 లక్షలు, సుగాలీలు 20 లక్షల పైచిలుకు. వీరిలో చెంచులు మాత్రమే ‘ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహం’, అంటే పీవీటీజీ. దేశం మొత్తం మీద ఇలాంటి సమూహాలు 75 ఉన్నాయి. వ్యవసాయానికి ముందటి జీవనాధారం, తక్కువ అక్షరాస్యత, పెరగని లేదా తగ్గుతున్న జనాభా, ఆర్థిక వెనుకబాటు అనే కొలమానాలతో 1975 నుంచి వీటిని గుర్తిస్తూ వచ్చారు. ఇప్పటి పేరు 2006లో వచ్చింది. అంతకుముందు వాడిన ‘ఆదిమ’ అనే మాటను అప్పుడు వదిలేశారు.

దేశంలో గిరిజనుల్లో పదిమందికి ఒకరు పట్టణవాసి అని 2011 లెక్క. ‘గిరిజనుడు’ అనగానే కొండ, అడవి గుర్తుకు రావడం వల్ల ఆ పదో మనిషి పథకాల ముసాయిదాల్లో తరచు కనిపించడు.

ప్రాంతం
(చూ. నల్లమల, ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ)

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు భూభాగం కర్నూలు జిల్లా నుంచీ, కనిగిరి, పొదిలి వైపుది నెల్లూరు నుంచీ వచ్చి చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. వాన తక్కువ, రాతినేల, భూగర్భజలంలో ఫ్లోరైడు: పడమటి మండలాలకు ఇవి ఉమ్మడి లక్షణాలు. పంట లేని ఏడాది ఇక్కడ గిరిజనులే కాదు, ఊళ్ళకు ఊళ్ళే వలస పోతాయి.

దోర్నాల, ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు మండలాల్లో నల్లమల అంచున, లోపలా చెంచు గూడేలున్నాయి. ఎర్రగొండపాలెం మండలంలోని పాలుట్ల అడవి లోతట్టున ఉంటుంది. దోర్నాల–శ్రీశైలం దారిలో తుమ్మలబైలు ఉంది. ఈ గూడేలకు సంత, పెద్దాసుపత్రి, రైలు అన్నీ మార్కాపురమే. 2011లో 71 వేల జనాభా ఉన్న మార్కాపురం ఈ ప్రాంతానికి పెద్ద పట్టణం. పలకల పరిశ్రమ, చెన్నకేశవస్వామి ఆలయం దాని గుర్తులు. గుంటూరు–నంద్యాల రైలుమార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోతుంది. మిరపకోతల కాలంలో కూలీల దారి కూడా గుంటూరు వైపే.

ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. ఈ ప్రాంతంలోని చెంచు గూడేలు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి రావు. కృష్ణా నది అవతల, తెలంగాణలోని అమ్రాబాద్ పీఠభూమి గూడేలకు ఆ రక్షణ ఉంది, ఇవతలివారికి లేదు. అందువల్ల గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి 1వ నంబరు నిబంధన గానీ, గ్రామసభకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం గానీ ఇక్కడ వర్తించవు. అడవి ఒకటే, తెగ ఒకటే, చట్టం మాత్రం రెండు తీర్లు.

చరిత్ర: కాపలా నుంచి సంక్షేమానికి
(చూ. నేరస్థ తెగల చట్టం, స్టూవర్టుపురం, వెన్నెలకంటి రాఘవయ్య)

తెలుగునాట గిరిజన ‘పునరావాసం’ మొదట పోలీసు వ్యవహారంగా మొదలైంది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికి పాకింది. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని తిరిగి అమ్ముకునే ఎరుకలు రైళ్ళు, రోడ్లు వచ్చాక బతుకుతెరువు పోగొట్టుకున్నారు. ఆ దశలోనే వారి మీద నేరస్థుల ముద్ర పడింది. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. అక్కడ బడి, పని, వైద్యం ఉన్నాయి. దాంతోపాటు హాజరు పట్టీ, అనుమతి లేకుండా కదలరాదన్న ఆంక్ష కూడా ఉన్నాయి. సాయమూ నిఘా ఒకే చేతి నుంచి అందిన ఆ అనుభవం వల్ల పాత తరం ఎరుకల కుటుంబాల్లో ‘పేరు రాసుకోవడానికి’ వచ్చినవారి పట్ల జంకు చాలాకాలం పోలేదు. చట్టం 1952లో రద్దయింది.

ఇదే కాలంలో నెల్లూరు కేంద్రంగా వెన్నెలకంటి రాఘవయ్య (1897–1981) యానాదుల మధ్య పనిచేశారు. యానాదుల మీద, సంచార జాతుల మీద గ్రంథాలు రాశారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. చెంచుల విషయంలో తొలి విస్తృత అధ్యయనం క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్‌ది, 1943లో వెలువడింది.

స్వాతంత్ర్యం తర్వాత మలుపు అయిదో ప్రణాళికతో (1974–79) వచ్చింది. గిరిజన ఉపప్రణాళిక, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏ) అప్పటివే. చెంచుల కోసం శ్రీశైలంలో, యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏలు ఏర్పడ్డాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ చెంచులకు మన్ననూరు కేంద్రమైంది. 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా మారిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిలో వేట, ఫలసేకరణ, పశువుల మేత మీద కట్టుబాట్లు బిగిశాయి. అడవి నుంచి పట్టణం వైపు చూపు మళ్ళడానికి ఇదొక కారణం. వెలిగొండ జలాశయం ముంపు మరో కారణం. ముంపు జాబితాలో అక్కచెరువు తండా, కాటంరాజు తండా వంటి సుగాలీ ఆవాసాలున్నాయి.

పట్టణంలో బతుకుతెరువు

తెగను బట్టి పట్టణానికి వచ్చే తీరు వేరు. సుగాలీల్లో చదువు, ఉద్యోగాలతో వచ్చినవారు, ఆటోలు నడిపేవారు, మేస్త్రీపని చేసేవారు ఎక్కువ. యానాదులు తోటల కాపలా, చేపలవేట, ఎలుకలు పట్టడం, పారిశుధ్యపు పనుల మీద ఆధారపడ్డారు. చెంచులు ఎక్కువగా వచ్చిపోయేవారు. తేనె, కుంకుళ్ళు, చిల్లగింజలు, ముష్టిగింజలు, తపసి జిగురు, కరక్కాయ తెచ్చి అమ్మి, సరుకులు కొని, ఒక్కోసారి ఆసుపత్రిలో నాలుగు రోజులుండి తిరిగి గూడెం చేరతారు.

ఎరుకలది పట్టణంతో పాత సంబంధం. వెదురును నిలువునా చీల్చి, బద్దల లోపలి మెత్తని భాగం తీసేసి, తడిపి, నేల మీద అడ్డదిడ్డంగా పరిచి అడుగు అల్లడంతో గంప మొదలవుతుంది. అడుగు గట్టిగా పడితే మిగతాది చెయ్యి దానంతటదే చేసుకుపోతుందని అల్లేవారు చెప్తారు. ఈతబరికెలతో తట్టలు, వెదురుతో చేటలు, కోళ్ళగూళ్ళు ఇలాగే తయారవుతాయి. ప్లాస్టిక్ తట్ట వచ్చాక రోజువారీ గిరాకీ పడిపోయింది. ఇప్పుడు అమ్మకాలు పెళ్ళిళ్ళకూ పండగలకూ పరిమితమయ్యాయి. వెదురు కొనడానికి కావలసిన పెట్టుబడే ఈ వృత్తికి అసలు అడ్డంకి. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో కొన్న వెదురు గంపై, అమ్ముడయ్యేలోగా వడ్డీ లాభాన్ని తినేస్తుంది. వృత్తి సహాయ పథకాలు శిక్షణ మీద పెట్టే దృష్టిలో సగం ముడిసరుకు మీద పెడితే బాగుండేది. గంప అల్లడం ఎరుకలకు కొత్తగా నేర్పవలసిన పని కాదు.

కార్యక్రమాల రకాలు

*తెగ ఆధారంగా అందేవి* (చూ. ఐటీడీఏ, గిరిజన సహకార సంస్థ, పీఎం జన్‌మన్)

గురుకుల పాఠశాలలు, ఆశ్రమ పాఠశాలలు, మెట్రిక్ అనంతర వసతిగృహాలు, ఉపకార వేతనాలు ఈ కోవలోవి. పట్టణ గిరిజన కుటుంబానికి బాగా అక్కరకు వచ్చేది వసతిగృహమే. అక్కడ కుటుంబం ఎక్కడున్నదన్నది కాక, పిల్లవాడి కులం, చదువు, ఆదాయం చూస్తారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) అటవీ ఫలసాయం కొని, నిత్యావసరాలు అమ్ముతుంది. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం జనాభా దామాషాలో నిధులు కేటాయించాలంటుంది. దాని గడువును 2023లో మరో పదేళ్ళు పొడిగించారు.

2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పీవీటీజీలకే పరిమితం. 24,104 కోట్ల రూపాయల అంచనాతో, 9 మంత్రిత్వ శాఖల ద్వారా ఇల్లు, రోడ్డు, మంచినీరు, కరెంటు, సంచార వైద్యశాల, అంగన్‌వాడీ, మొబైలు సిగ్నలు వంటి 11 అంశాలు దీని పరిధిలోకి వస్తాయి. ఇంటికి 2.39 లక్షల రూపాయలు. ఆవాసమే దీనికి ప్రమాణం కనుక గూడెంలోని చెంచు కుటుంబానికి వర్తిస్తుంది. పట్టణంలో అద్దెకుండే చెంచు కుటుంబానికి అందులో చోటు దొరకడం కష్టం. అదే వీధిలోని యానాది, ఎరుక కుటుంబాలకు అసలే వర్తించదు. 2024 అక్టోబరు 2న మొదలైన ధర్తీ ఆబా కార్యక్రమం అన్ని తెగలకూ చెందినదే, అయితే దాని లెక్క కూడా గ్రామాల్లోనే: సుమారు 63 వేల గ్రామాలు.

*పేదరికం ఆధారంగా అందేవి* (చూ. మెప్మా, వార్డు సచివాలయం)

రేషన్, పింఛను, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ), ఇంటి స్థలం కులంతో నిమిత్తం లేకుండా పేదలందరికీ వర్తిస్తాయి. పింఛనులో మాత్రం గిరిజనులకు మినహాయింపు ఉంది: మిగతావారికి వృద్ధాప్య పింఛను అర్హత 60 ఏళ్ళైతే, ఎస్టీలకు 50. మొత్తం 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. పట్టణాల్లో మహిళా సంఘాలను 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) చూసుకుంటుంది. గంపలు, పండ్లు, చేపలు అమ్మేవారికి 2014 నాటి వీధి విక్రేతల చట్టం గుర్తింపు కార్డు ఇవ్వాలంటుంది. 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి 10 వేల రూపాయల తొలి రుణంతో మొదలైంది. కార్డు దొరికినవారికి ఇది వడ్డీవ్యాపారి నుంచి కొంత ఊపిరి.

పట్టణానికి రావడం వల్ల కచ్చితంగా పోగొట్టుకునేది ఉపాధి హామీ. 2005 చట్టం గ్రామీణ కుటుంబాలకే పని హామీ ఇచ్చింది. చెంచులకు ఐటీడీఏ ద్వారా దీన్ని ప్రత్యేక ప్రాజెక్టుగా కూడా నడిపారు. పురపాలక హద్దు దాటి లోపలికి వచ్చిన కుటుంబానికి అలాంటి హామీ ఏదీ లేదు.

*సముదాయం, స్వచ్ఛంద సంస్థలు*

1969లో అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నల్లమల చెంచుల మధ్య కూడా పనిచేసింది. కాగితం మీద లేని సహాయం ఇంతకంటే పెద్దది. ఆసుపత్రికి వచ్చిన గూడెం మనిషికి ఒక రాత్రి చోటిచ్చే బంధువు, అర్జీ రాసిపెట్టే వసతిగృహపు కుర్రాడు, పోలీసు స్టేషనుకు వెంట వచ్చే కులపెద్ద ఏ పథకం జాబితాలోనూ లేరు. యానాదుల సంఘాలు, ఎరుకల సంఘాలు, సుగాలీల బంజారా సంఘాలు ఎక్కువగా ఈ పనులే చేస్తాయి. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద కేసు నమోదు కావాలంటే కూడా సాధారణంగా ఇలాంటివారు ఒకరు వెంట ఉండాలి. తోటకాపలాకు అడ్వాన్సు తీసుకుని ఏళ్ళ తరబడి తీర్చలేక ఇరుక్కునే యానాది కుటుంబాలకు రెండో చట్టం ముఖ్యం.

పనితీరు: ఒక అర్జీ ప్రయాణం

2019 అక్టోబరు 2 నుంచి పనిచేస్తున్న వార్డు సచివాలయం పట్టణంలో అన్ని పథకాలకూ మొదటి గడప. గూడెం నుంచి వచ్చిన ఒక చెంచు కుటుంబం రేషన్ కార్డు మార్పించుకోవాలనుకుందాం. ఆధార్‌లో చిరునామా గూడెంది. అద్దె ఒప్పందం నోటిమాట కనుక పట్టణ చిరునామాకు రుజువు లేదు. పుట్టిన తేదీ దగ్గర జనవరి 1 ఉంటుంది, ఎందుకంటే నమోదు చేసిన రోజున వయసును ఉజ్జాయింపుగా రాశారు. కుడుముల, దాసరి వంటి ఇంటిపేర్లు గూడెంలో చాలామందికి ఉంటాయి. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందుండి, కార్డులో వెనక ఉంటే కంప్యూటర్ ఇద్దరు మనుషులుగా చదువుతుంది. కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్తే సొంత మండలంలో విచారణ కావాలంటారు. అంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని వెనక్కి వెళ్ళాలి.

ఐటీడీఏ స్థాయిలో తేలవలసిన పని అయితే దారి మరింత పొడవు. శ్రీశైలం కార్యాలయం మార్కాపురానికి దాదాపు 80 కిలోమీటర్లు, అదీ పక్క జిల్లాలో. దోర్నాల–శ్రీశైలం ఘాట్ దారిని వన్యప్రాణుల కోసం రాత్రిపూట మూసేస్తారు. సాయంత్రం పని తెమలకపోతే అక్కడే పడుకోవాలి. యానాది కుటుంబానికైతే ప్రత్యేక ఐటీడీఏ నెల్లూరులో ఉంది. ఒకే కాలనీలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు రెండు వ్యతిరేక దిక్కులకు పోవలసిన ఏర్పాటు ఇది.

అటవీ హక్కుల చట్టం (2006) పట్టాది ఇంకో చిక్కు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండా, హక్కు వస్తుంది. వారసులకు సంక్రమిస్తుంది, అమ్మడానికి వీల్లేదు. అయితే హక్కు ‘అక్కడ నివసించి సాగుచేసుకునేవారికి’ అన్న భావన మీద నిలబడింది. అందుకే పిల్లల చదువు కోసం పట్టణంలో గది తీసుకున్న కుటుంబం కూడా గూడెంలో ఒకరిని ఉంచుతుంది. తరచు ఆ ఒకరు ముసలి తల్లి.

పరిమితులు, భిన్నాభిప్రాయాలు

పట్టణానికి వచ్చాక గిరిజనుడిగా ప్రత్యేక సహాయం ఎందుకు, పేదవాడిగా అందుకుంటే చాలదా అన్న వాదన ఉంది. కార్యక్రమాలను తెగల వారీగా చీల్చితే నిర్వహణ ఖర్చు పెరుగుతుందనీ, గూడేలకు దక్కవలసిన నిధులు పట్టణాలకు మళ్ళుతాయనీ గూడేల్లో పనిచేసేవారే అంటారు. రెండో మాటలో బలముంది. పాలుట్ల వంటి చోట్ల కనీస వసతులే సమస్య. మరోవైపు, ఎరుకలనూ యానాదులనూ వెంటాడే అనుమానపు చూపు, అద్దెకు ఇల్లు దొరకకపోవడం, బడిలో వెక్కిరింపు పేదరికం వల్ల వచ్చినవి కావు, రేషన్ కార్డుతో పోయేవీ కావు. ఇంటి స్థలాల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. 2020 డిసెంబరులో పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర చొప్పున పట్టాలిచ్చారు. పందులు పెంచే ఎరుకల కుటుంబానికి సెంటు స్థలంలో ఇల్లు పడుతుంది గానీ వృత్తి పట్టదు.

ఇతర దేశాల్లో

కెనడాలో పట్టణాలకు వచ్చిన మూలవాసుల కోసం 1950ల నుంచి ‘ఫ్రెండ్‌షిప్ సెంటర్లు’ మొదలయ్యాయి. విన్నిపెగ్ కేంద్రం 1959 నాటిది, జాతీయ సమాఖ్య 1972లో ఏర్పడింది. ఇప్పుడవి వందకు పైగా ఉన్నాయి. వాటి పాలకవర్గాలు మూలవాసులవే. ఏ తెగవారైనా వచ్చి పని, ఇల్లు, వైద్యం గురించి ఒకేచోట అడగవచ్చు. ఆస్ట్రేలియాలో సిడ్నీ రెడ్‌ఫర్న్ ప్రాంతంలో 1971లో ఆదివాసులే సొంత వైద్యశాల పెట్టుకున్నారు. అమెరికాలో 1976 చట్టం పట్టణ ఇండియన్ల వైద్యానికి విడిగా నిధులు కేటాయించింది. న్యూజిలాండ్‌లో 1984 నాటి వైపరేరా ట్రస్టు ఆక్లాండ్ పట్టణ మావోరీల కోసం పనిచేస్తుంది. ఆ దేశంలో 2010లో మొదలైన ఫానౌ ఓరా వ్యక్తిని కాక మొత్తం కుటుంబాన్ని సహాయానికి ప్రమాణంగా తీసుకుంది. పశ్చిమ ప్రకాశానికి వీటిలో దగ్గరగా సరిపోయేది తొలి నమూనా. బస్టాండుకూ ఆసుపత్రికీ నడిచిపోగల దూరంలో, నాలుగు తెగలకూ ఉమ్మడిగా, రాత్రి పడకతో పాటు అర్జీ రాసే మనిషి ఉండే ఒక ఇల్లు అంత ఖరీదైనదేమీ కాదు.

గణాంకాలు
(చూ. జనగణన)

ఈ వ్యాసంలోని జనాభా అంకెలన్నీ 2011 జనగణనవి. 2021లో జరగవలసిన లెక్కింపు వాయిదా పడింది. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. లెక్కింపు రోజుల్లో మిరపకోతలకు పోయి ఉన్న గూడెం కుటుంబం ఎక్కడ లెక్కకు వస్తే, తర్వాతి పదేళ్ళ కేటాయింపుల్లో ఆ ఊరి మనిషిగానే ఉంటుంది.